మరక్క ఒప్పుకోని పేరు

మా పేటలో పిండిమర నడిపే ఆవిడను అందరూ మరక్క అంటారు. ఆమెకన్నా పెద్దవాళ్ళూ అలాగే అంటారు. పొడుగు మనిషి. కనుబొమలకు ఎప్పుడూ పిండి పట్టి ఉంటుంది. మర రొదలో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెరిగిపోయింది. బాగున్నారా అని పలకరించినా పోట్లాటకు వచ్చిందేమో అనిపిస్తుంది. చాలాసార్లు నిజంగానే పోట్లాటకు వస్తుంది. గోధుమల్లో రాళ్ళు ఏరకుండా తెచ్చినవాళ్ళనూ, వంతు తప్పించి ముందుకు తోసుకొచ్చేవాళ్ళనూ, ‘కాస్త మెత్తగా ఆడించు’ అని చెప్పిందే చెప్పేవాళ్ళనూ ఊరికే వదలదు. అయినా అందరూ ఆమె దగ్గరికే వెళతారు. మర రాళ్ళకు ఉలితో గాట్లు పెట్టేది ఆమే. అందుకే ఆమె ఆడించిన పిండికి మాడు వాసన ఉండదు.

ఈ రోజువారీ కోపాలకు అడుగున ఆమెకు ఒక పెద్ద కోపం ఉంది. అది మా పేట పేరు గురించి.

మా పేట ఒకప్పుడు రాతి క్వారీ. కొండ అవతలి నుంచి వచ్చిన కూలీలు రాయి కొట్టుకుంటూ ఇక్కడే గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ భాష వేరు. పేట పేరు వాళ్ళ నోట పుట్టిన మాటే. ఖర్మకొద్దీ అదే మాట పట్నంవాళ్ళ చెవికి పెంటదిబ్బ అన్నట్టు వినబడుతుంది. పట్నం భాషలో దాని అర్థం అదే మరి. రెండు భాషల్లో ఒకే చప్పుడు, అంతకుమించి ఏమీ లేదు. కానీ ఆ చప్పుడే చాలు. మా స్టాపులో బస్సాగితే కండక్టరు ‘దిబ్బవాళ్ళు దిగండి’ అంటాడు. బస్సంతా నవ్వుతుంది. మా తాతలు మాకు వదిలివెళ్ళిన ఆస్తి ఆ నవ్వే.

మరక్క బడిలో చేరిన కొత్తల్లో, ఎవరెవరు ఎక్కణ్ణుంచి వస్తున్నారని పంతులమ్మ అడిగింది. ఈమె పేట పేరు చెప్పింది. పంతులమ్మ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకోవడం మొదలుపెట్టింది. ఏడుస్తూ ఇంటికొచ్చిన కూతుర్ని తండ్రి ఎత్తి గోధుమ బస్తా మీద కూర్చోబెట్టాడు. అప్పట్లో మర ఆయనది.

“ఏడవకు. వాళ్ళ భాషలో ఏమైతే మనకేంటి? మన భాషలో అది పెద్దక్క అనే మాట. మీ నాయనమ్మని క్వారీలో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. ఆమె మీద గౌరవంతోనే ఈ పేటకి ఆ పేరు పెట్టారు. తెలిసిందా?”

మర్నాడు ముక్కు మూసుకున్న పిల్ల ముక్కు మీద మరక్క ఒక్కటిచ్చింది. ఇంటికి ఫిర్యాదు వచ్చింది. తండ్రి ఆమెను పల్లెత్తు మాట అనలేదు.

అంత గొప్పగా చెప్పిన తండ్రే ఆ భాషను మాత్రం ఇంట్లో అడుగు పెట్టనివ్వలేదు. పిల్లలకు పట్నం భాష యాస లేకుండా రావాలని ఆయన పట్టుదల. అందుకే మరక్కకు నాయనమ్మ భాషలో వచ్చినవి నాలుగైదు మాటలే: నీళ్ళు, రా, తిను, పడుకో, వాటితోపాటు పెద్దక్క. ఇంట్లో ఆ భాష పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. తండ్రి చెల్లెలు, అంటే మరక్కకు మేనత్త. క్వారీలో మందు పేలుళ్ళ మధ్య బతికి చెవులు పోగొట్టుకున్న ముసలామె. మర వెనక గదిలో ఉంటుంది. మరక్కే చూసుకుంటుంది. ఆమెతో మాట్లాడాలంటే అరవాలి, అరవడం మరక్కకు ఎలాగూ అలవాటే.

రాయి అయిపోయి క్వారీ మూతపడ్డాక ఆ గుంట ఒడ్డున అపార్ట్‌మెంట్లు లేచాయి. ఫ్లాట్లలోకి వచ్చినవాళ్ళకు గాలి నచ్చింది, నీళ్ళు నచ్చాయి, పేరు నచ్చలేదు. చుట్టాలకు అడ్రసు చెప్పాలంటే నోరు రావడం లేదన్నారు. వాళ్ళ సంఘం కార్యదర్శి ఇస్త్రీ చొక్కా నలగని మనిషి. ఒకరోజు గోధుమల సంచి పట్టుకుని మర దగ్గరికొచ్చాడు.

“మరక్కా, శుభవార్త. పేట పేరు మారబోతోంది. మా బిల్డింగులో ఉండే రిటైరైన మాస్టారు తేల్చారు. ఇది అసలు పాత గ్రంథాల భాషలో మాటట. వెలుగు అని అర్థమట. చదువులేనివాళ్ళ నోళ్ళలో పడి పాడైపోయిందట. ఒక అక్షరం తీసేసి, ఒకటి సాగదీస్తే మళ్ళీ వెలుగు నగరం అయిపోతుంది.”

“ఎవరి నోళ్ళలో పడి?” అంది మరక్క.

“అదే... పూర్వం ఇక్కడ ఉండే...”

“మా నాయనమ్మ నోట్లో పడి. అంతేగా? నీ మాస్టారు వెలుగు పట్టుకుని ఎదురుచూస్తుంటే మా నాయనమ్మ వచ్చి దాన్ని ఆర్పేసిందా?”

“అక్కా, మీకూ మంచిదేగా...”

“సంచి అక్కడ పెట్టు. వంతు వచ్చినప్పుడు ఆడిస్తా.”

ఆ రోజు అతని వంతు సాయంత్రం దాకా రాలేదు.

పేరు మార్పు మీద అభిప్రాయాలు వినడానికి మునిసిపాలిటీ హాల్లో మీటింగు పెట్టారు. మైకు కీచుమంటోంది. పై కుర్చీలో ఒక అధికారి. ముందు వరసల్లో ఫ్లాట్లవాళ్ళు, వెనక మేము. మాస్టారు లేచి తన సంగతి చెప్పారు. తెల్ల గడ్డం, నెమ్మదైన మాట, ఎవరినీ నొప్పించాలన్న ఉద్దేశం లేదు. మరక్కకు ఆ నెమ్మదే మరీ మండించింది. ఆయన ముగించకముందే లేచి నిలబడింది. మైకు ఆమెకు అవసరం లేదు.

“మాస్టారూ, ఇది మీ గ్రంథాల మాట కాదు. మా నాయనమ్మ పేరు. పెద్దక్క అని అర్థం. రాళ్ళు కొట్టేవాళ్ళందరికీ పెద్దక్క ఆమె. పట్నంవాళ్ళు దాన్ని పెంట చేశారు, మీరు వెలుగు చేస్తామంటున్నారు. ఏదీ చెయ్యొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి!”

“అమ్మా, నాకు ఆ భాష రాదు,” అన్నారు మాస్టారు. “వచ్చినవాళ్ళెవరైనా చెబితే వింటాను. నాది తప్పయితే తప్పంటాను.”

“మా మేనత్త ఉంది. తీసుకొస్తా.”

అధికారికి ఇదంతా తేల్చి భోజనానికి వెళ్ళాలని ఉంది. ఊరికే జనం మనసు తెలుసుకుందామని, పేరు మారాలనేవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. ముందు వరసలు మొత్తం ఎత్తాయి. వెనక ఎవరెవరు ఎత్తారో చూద్దామని మరక్క తిరిగింది. తలుపు పక్కన, డ్యూటీ నుంచి అటే వచ్చిన తన కూతురు, తెల్లకోటు విప్పకుండానే చెయ్యెత్తి నిలబడి ఉంది.

కూతురు పట్నంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆ మధ్యాహ్నం మరక్క ఇంట్లో జరిగిన గొడవ వీధి చివరి దాకా వినబడింది.

“సొంత కూతురు! నా పరువు తీయడానికి తెల్లకోటు వేసుకుని మరీ వచ్చావా?”

“ల్యాబులో నన్నేమంటారో నీకు తెలుసా? దిబ్బ నుంచి వచ్చింది, చేతులు కడుక్కుందో లేదో చూడండి అంటారు. రోగుల ముందే. రక్తం తీసేది నేను, అమ్మా!”

“ఎవరే అన్నది? ఏదీ, పద, చూపించు...”

“ఇదిగో, ఇందుకే ఇన్నాళ్ళు చెప్పలేదు. నువ్వొచ్చి అరుస్తావు. ఆ తర్వాత అక్కడ ఉండాల్సింది నేను.”

వ్యాను తోలే మరక్క భర్త సర్దిచెబుదామని మధ్యలోకి వచ్చాడు. “పోనీలేవే. పెంట మీద రాయేస్తే మన మొహానే చిందుతుంది.”

సామెత బయటికి వచ్చాక గానీ తనేం అన్నాడో అతనికి తెలియలేదు. ఆ రాత్రి అతను వ్యానులో పడుకున్నాడని చెప్పుకుంటారు. నిజమే అయ్యుంటుంది.

రెండో మీటింగుకు మరక్క మేనత్తను ఉతికిన చీర కట్టించి ఆటోలో తీసుకొచ్చింది. రెక్క పట్టుకుని నడిపించి ముందు వరసలో కూర్చోబెట్టింది. గెలుపు మీద ఆమెకు అనుమానం లేదు. అధికారి అడిగింది మేనత్తకు వినబడలేదు. మరక్క చెవి దగ్గర వంగి అరిచింది:

“అత్తా! మన పేట పేరుకి అర్థమేంటో చెప్పు!”

“పేరేంటే? అది పేరు కాదుగా.”

“మాటకి అర్థం చెప్పత్తా. మన భాషలో!”

ముసలామె ఆమెను వింతగా చూసింది. తర్వాత కర్ర ఆనించుకుని లేచింది. ఊపిరి పీల్చుకుని ఆ మాటను అరిచింది.

మేము రోజూ పలికే మాటే అది. కానీ అలా పలకగా ఎప్పుడూ వినలేదు. మొదటి అక్షరం గొంతు చీల్చుకుని బయటపడింది, రెండోది కొండ దాకా సాగింది. ఆ బక్కప్రాణంలో అంత గొంతు ఎక్కడ దాగి ఉందో తెలియదు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు గబుక్కున వెనక్కి జరిగారు. అధికారి చేతిలో టీ తొణికింది.

“తప్పుకోండి, రాయొస్తోంది అని,” అంది మేనత్త కూర్చుంటూ. “మందు పేల్చేముందు అరిచేది. ఇంకేం అర్థం?”

ఆ తర్వాత ఫ్లాట్లవాళ్ళలో ఎవరో, “అంటే ఇన్నాళ్ళూ ‘తప్పుకో’లో కాపురాలు చేస్తున్నామన్నమాట” అన్నారు. నవ్వులు. వెనక వరసల్లో మావాళ్ళూ నవ్వారు, సిగ్గులేకుండా. మాస్టారొక్కరే నవ్వలేదు. ఫోనులో ఏదో రాసుకుంటూ, ఆ మాటను నోట్లోనే మెల్లగా పలుకుతూ కూర్చున్నారు. మరక్క మేనత్తను లేపి తీసుకుపోయింది.

ఇంటికి వెళ్ళేదాకా ఓర్చుకుంది. గుమ్మం దాటగానే అగ్గిమీద గుగ్గిలమైంది.

“ఇన్నేళ్ళు ఒక్కసారి కూడా చెప్పలేదేం? అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశావే!”

“నన్నెవరడిగారే?” అంది మేనత్త. ఆమెకు నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. “మీ నాన్న నన్ను ఆ భాషలో నోరెత్తనివ్వలేదు. నువ్వడగలేదు. గోడకి చెప్పుకోనా?”

“నాన్న అది పెద్దక్క అని చెప్పాడు!”

“అక్కని మేం అట్లా అననే అనం.” ముసలామె కర్ర గోడకు ఆనించింది. “నువ్వు ఏడుస్తుంటే చెప్పుంటాడు. వాడికి పిల్లలు ఏడిస్తే చేతకాదు.”

తర్వాత అడగకుండానే మిగతాది చెప్పింది. మందు పేల్చేముందు మేస్త్రీ ఈల వేసేవాడట. ఒకరోజు వెయ్యలేదు. మరక్క తాత నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ దారి మలుపు తిరిగాడు. రాయి వచ్చి తగిలింది. నాయనమ్మ ఆ తర్వాత మేస్త్రీనీ నమ్మలేదు, ఈలనూ నమ్మలేదు. ఎవరూ పెట్టకుండానే ఆ పనిలో చేరింది. మందు దట్టించడం చూడగానే మలుపు దగ్గరికి పరుగెత్తి, చేతులు రెండూ చాపి అరిచేది. చంకలో పిల్ల ఉన్నా అరిచేది, జ్వరంలోనూ అరిచేది. రాయి ఎత్తుకోవడానికి పట్నం నుంచి వచ్చే బండ్లవాళ్ళకు ఆ చోటుకు పేరేంటో తెలియదు, వాళ్ళకు వినబడేది ఆ అరుపొక్కటే. ‘ఆ అరుపు దగ్గర ఆపు’ అనుకునేవాళ్ళు. అరుపే పేరైపోయింది.

“ఆమె అరవడం మొదలుపెట్టాక ఆ మలుపులో ఎవరూ చావలేదు,” అంది మేనత్త. “ఎవరూ థాంక్స్ చెప్పిందీ లేదు. నోరుగల్లది అనేవాళ్ళు.”

మరక్క లేచి మర గదిలోకి పోయింది. పై రాయి దింపించి, ఉలీ సుత్తీ తీసుకుని గాట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో దెబ్బకూ తండ్రిని తిట్టింది. “పెద్దక్కట, పెద్దక్క! నిజం చెబితే అరిగిపోతావా? తాత అలా పోయాడని చెబితే నాకు అర్థం కాదా? ఆ పిల్ల ముక్కు మీద ఒక్కటి కాదు, రెండు ఇచ్చేదాన్ని కదా!” గాట్లు మరీ లోతుగా పడ్డాయి. తర్వాత కొన్నాళ్ళు ఆమె పిండి రవ్వలా వచ్చింది. ఎవరూ నోరెత్తలేదు.

కూతురికి కూడా అంతా చెప్పింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కానీ మనసు మార్చుకోలేదు.

“ముత్తవ్వ గొప్పదేనమ్మా. కానీ ల్యాబుకొచ్చే ప్రతివాడికీ రోజూ కూర్చోబెట్టి ఆ కథ చెప్పలేను కదా. వాళ్ళకి వినబడేది వాళ్ళ భాషలోని మాటే.”

మరక్క వెళ్ళి మర ఆన్ చేసింది. ఆ పూట ఆడించాల్సిన గింజలేవీ లేవు. అప్పటినుంచి తల్లీకూతుళ్ళు ‘తిన్నావా’, ‘తలుపేసుకో’ అనే మాటలతో నెట్టుకొచ్చారు.

చివరి మీటింగులో మాస్టారు అన్న మాట నిలబెట్టుకున్నారు. మైకు ముందుకొచ్చి, “నేను చెప్పింది తప్పు. ఈ పేరుకీ గ్రంథాల భాషకీ ఏ సంబంధమూ లేదు. వెలుగూ లేదు, నగరమూ లేదు. ఇది మనుషుల్ని చావు నుంచి తప్పించిన అరుపు. దీన్ని మార్చకండి” అన్నారు.

కార్యదర్శి చిరునవ్వుతో లేచాడు. “మాస్టారూ, అర్థాలతో మనకేం పని? వినడానికి బాగుంది. అది చాలదా?”

“మొన్నటిదాకా అర్థం కోసమే మారుద్దామన్నారు కదయ్యా!”

“అప్పుడు ఉంది కాబట్టి అన్నాం. ఇప్పుడు లేదంటున్నారు. పేరు మాత్రం బాగానే ఉంది కదా.”

మాస్టారు మైకు వదిలి కూర్చున్నారు. పెద్దమనిషి, అంత చదువుకున్నాడు, తన చదువు ఫ్లాట్ల గుమ్మానికి తోరణం చేసి కట్టారని ఆ క్షణందాకా గ్రహించలేదు. అప్పుడు మరక్క లేచింది. ఏం మాట్లాడిందో వరసగా చెప్పడం కష్టం. వెలుగూ పెంటా రెండూ మీవేననీ, మాకు అక్కర్లేదనీ అంది. అబద్ధం అని తెలిసి కూడా ఆ అబద్ధాన్నే బోర్డు మీద రాయించుకునేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానంది. అధికారి గంట కొట్టాడు. కార్యదర్శి చేతులు జోడించి, “అక్కా, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. కాస్త శాంతంగా...” అన్నాడు.

“నోరా?” అంది మరక్క. “ఒక ఆడదాని నోటితోనే ఈ ఊరు బతికిందయ్యా. ఆమె నోరు మంచిగా, నెమ్మదిగా ఉండుంటే, వినబడక సగంమంది ఆ మలుపులోనే పోయేవాళ్ళు. మంచి నోరు మీ దగ్గరే ఉంచుకోండి!”

వెనక వరసలు ఈసారి నవ్వలేదు. చప్పట్లు కొట్టాయి. చేతులు లెక్కపెడితే మాత్రం ముందు వరసలే ఎక్కువయ్యాయి. పేరు మారింది.

స్టాపులో కొత్త పేరుతో నీలం బోర్డు పెట్టారు. బోర్డు కింద, ఫ్లాట్ల మురికినీళ్ళు మా వీధుల్లోకి వచ్చే కాలువ అలాగే తెరిచి ఉంది. “ఇన్నాళ్ళు పేరూ దిబ్బ, ఊరూ దిబ్బ,” అంది మరక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. “ఇప్పుడు సరిగ్గా సామెతలా కుదిరింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.”

కొన్నాళ్ళకు మాస్టారు మర దగ్గరికొచ్చారు. మేనత్తతో మాట్లాడాలట, ఆ భాష మాటలు పోగుచేసుకోవాలట. మరక్క ఖాళీ సంచి తీసి ఆయన ముందే దులిపింది. పిండి మొత్తం ఆయన గడ్డం మీద పడింది. పొరపాటైందని ఆమె అనలేదు. ఆయన తుమ్ముకుంటూ వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చారు. ఈసారి వెనక గదిలో నుంచి మేనత్తే, “ఎవరే అది? నాతో మాట్లాడ్డానికి మనిషొస్తే బయట నిలబెడతావా?” అని కేకేసింది. మరక్క స్టూలు తన్ని ఆయన వైపు జరిపింది.

అప్పటినుంచి వెనక గది సందడిగా ఉంటోంది. మేనత్త అరిచి చెబుతుంది, మాస్టారు అరిచి అడుగుతారు. రాయి నిలువుగా పగిలితే ఒక మాట ఉందట, పెచ్చులుగా లేస్తే ఇంకో మాటట, కొట్టినవాడి మీదికే ఎగిరితే దానికి వేరే తిట్టే ఉందట. మరక్క మరలో గింజలు పోస్తూ వినీ విననట్టు వింటుంది. మొదట ఆమెకు పట్టుబడినవి తిట్లు. ఇప్పుడు వంతు తప్పినవాళ్ళను వాటితోనే తిడుతోంది. ఒకసారి కార్యదర్శికి తగిలింది. “ఏమన్నావక్కా?” అని అతను నవ్వుతూ అడిగాడు. “వినడానికి బాగుందిగా? అర్థంతో నీకేం పని?” అంది.

పేరు గొడవ అంతటితో అయిపోలేదు. ఒక సాయంత్రం కూతురు పని నుంచి వచ్చి బస్తా మీద కూలబడింది. ల్యాబులో కొత్త పేరు చెప్పిందట. ఎక్కడుందది అని అడిగారట. చెప్పిందట. “ఓ, ఆ దిబ్బేనా! బోర్డు మారితే వాసన పోతుందా?” అన్నారట.

‘నేను చెప్పలేదా’ అనే మాట మరక్క నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. అనలేదు. “ఎవరన్నారు?” అని మాత్రం అడిగింది. కూతురు ఈసారి పేరు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబు కౌంటరు ముందు మరక్క నిలబడింది. కనుబొమల పిండి దులుపుకోలేదు.

“నేను ఈ పిల్ల తల్లిని. నా కూతురి చేతుల మీద, వాసన మీద ఎవరికో అనుమానముందట. ఎవరికి?”

అందరూ పనిలో పడ్డారు. చివరికి ఆ మాటన్న సీనియర్ టెక్నీషియన్ గొణిగాడు. “ఏదో సరదాకి అన్నామమ్మా...”

“సరదాకా? సరే. నేనూ సరదాకే వచ్చాను,” అని రోగుల బెంచీ మీద కూర్చుంది. కూర్చునే ఉంది. వచ్చిన ప్రతి రోగికీ, ఇక్కడ బాగా రక్తం తీసేది ఆ చివరి పిల్ల, ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసా అంటూ పాత పేరే చెప్పి, దాని కథ మొదలుపెట్టింది. ఆ గొంతుతో. వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మధ్యాహ్నానికి సీనియర్ వచ్చి కూతురికి క్షమాపణ చెప్పుకున్నాడు. మనస్ఫూర్తిగానా, బెంచీ ఖాళీ అవుతుందనా అన్నది వాడికే తెలియాలి.

“ఇంక నన్ను అక్కడ ఉండనిస్తారనుకున్నావా?” అంది కూతురు బయటికి రాగానే.

“ఉండనివ్వకపోతే మళ్ళీ వస్తా.”

“నిన్నెవరు రమ్మన్నారసలు?”

“పేరెవరు చెప్పారే? నువ్వే చెప్పావుగా!”

“చెబితే వచ్చేస్తావా?”

బస్సెక్కడం మర్చిపోయి, ఎన్నో నెలల తర్వాత మనసారా పోట్లాడుకుంటూ ఇల్లు చేరారు.